ఒంట్లో నిలిచిన రాగి

జూన్ 9

ఇది పోయిన ఏటి డైరీ. స్టీలు కంపెనీ వాళ్లు మా గిన్నెల దుకాణానికి పంపితే ఎవరూ వాడలేదు. తేదీలు సరిపోతాయి, వారాలు సరిపోవు. ఇందులో ఇవాళ ఆదివారం అని ఉంది. నిజానికి సోమవారం. నేనొక్కదాన్నే చదువుకునేదానికి ఏ వారమైతేనేం.

ఎవరితోనూ చెప్పొద్దని ఆయన అన్నారు. కాగితానికి చెబితే చెప్పినట్టు కాదనుకుంటాను.

మా అమ్మాయి నవ్య జబ్బేమిటో చివరికి కళ్ల డాక్టరు దగ్గర తేలింది. ఎనిమిది నెలలు తిరిగాం. చేతులు వణుకుతున్నాయంటే బలహీనత అన్నారు. మాట ముద్దగా వస్తోందంటే పరీక్షల భయం అన్నారు. నేను తాయెత్తు కట్టించాను. అద్దాలు మార్పిద్దామని తీసుకుపోతే ఆ డాక్టరు లైటు వేసి చాలాసేపు చూసి, పక్క గదిలోంచి ఇంకో డాక్టరును పిలిచి చూపించాడు. నల్లగుడ్డు అంచున ఉంగరంలాంటి గీత. ఎన్నాళ్ల నుంచి ఉందని అడిగాడు.

ఆ గీత మాకు కొత్త కాదు. ఎండలో నిలబడితే మెరిసేది. "నవ్య కండ్లల్ల దేవుడు బంగారం పోసిండు" అని మా వదిన కళావతి వచ్చినవాళ్లందరికీ చూపించేది. పందొమ్మిదేళ్ల పిల్ల, అన్ని అందాలూ ఉండాలి కదా అని నేనూ మురిసిపోయాను.

అది రాగి అట. ఒంట్లో పేరుకున్న రాగి కళ్లదాకా వచ్చిందట. జబ్బుకు ఒక ఇంగ్లీషు పేరు రాసిచ్చాడు, హైదరాబాద్‌లో పెద్ద డాక్టరమ్మకు చూపించమన్నాడు.

రాగి అనగానే నాకు మా చెంబు కళ్లముందుకొచ్చింది. నవ్యకు పదేళ్లప్పటి నుంచి రోజూ నా చేతులతో రాగి చెంబులో నీళ్లు తాగించాను. రాత్రి నింపి తులసాకు వేసి పెట్టడం, పొద్దున పూజయ్యాక ముందు స్వామికి, తర్వాత నవ్యకు. ఆయనకు లేవగానే చాయ కావాలి. మా అబ్బాయి సాయితేజ చెంబు చూస్తే పారిపోయేవాడు. నవ్య ఒక్కతే నా మాట తీసేయదు. అందుకే అది తాగింది.

శ్రావణంలో సాయితేజ పెళ్లి ఉంది, మా అన్న కూతురు కీర్తనతో. ఆటోలో వస్తూ ఆయన అన్నది ఒక్కటే మాట. "పెండ్లయ్యేదాక ఎవ్వలకు తెల్వద్దు సావిత్రీ. మీ అన్న వాళ్లకు అస్సలే తెల్వద్దు."

జూన్ 10

రాగి సామానంతా గోనెసంచిలో కట్టి దుకాణానికి పంపేశాను. పంచపాత్ర కూడా. స్వామికి స్టీలు గ్లాసులో తీర్థం పెట్టాను.

జూన్ 14

హైదరాబాద్ పోయి వచ్చాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, మన కరీంనగర్ వైపు మాట.

"మనం తినే అన్నంల, పప్పుల, అన్నిట్ల జరంత రాగి ఉంటదమ్మా. అది ఒంటికి కావాలె గూడ. కావాల్సింది ఉంచుకొని, మిగిలింది లివర్ పైత్యరసంల కలిపి బైటికి తోలేస్తది. ఆ తోలేసే పని మీ పాప లివర్‌కు చేతకాదు. పుట్టినప్పటి నుంచే చేతకాదు. మొదలు లివర్ల నిండింది. అండ్ల జాగ లేక నెత్తురుల కలిసి మెదడుకు పోయింది, కండ్లకు పోయింది."

"నేను రాగి చెంబుల నీళ్లు తాపిన" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి చెప్పాను.

"ఇంక తాపకండి. కానీ దానితోని రాలే. మీరు తాపకున్నా వస్తుండె. అమ్మ దిక్కు నుంచి ఒక లోపం, నాన్న దిక్కు నుంచి అదే లోపం, రెండు కలిస్తేనే వస్తది ఇది. ఒక్కటే ఉంటే ఏం కాదు. మీరిద్దరు బాగున్నరు చూడండి." తర్వాత కలం పెట్టి అడిగింది. "మీది మేనరికమా?"

"దూరపు చుట్టరికం" అన్నాను.

ఆయన గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నారు.

సాయితేజకు కూడా పరీక్ష చేయించాలట. తోడబుట్టినవాళ్లకు ఉండవచ్చట.

ఇంటికొచ్చాక నవ్య పదో తరగతి జీవశాస్త్రం పుస్తకం అటకమీంచి తీశాను. నేను చదివిందీ పదో తరగతే, కానీ అప్పుడు మార్కుల కోసం చదివాం. మొదట్లోనే ఉంది, జీవక్రియలు. ఊపిరి, నెత్తురు, అరుగుదల, విసర్జన. కాలేయం గురించి నాలుగు వాక్యాలు. అది చేసే పని చదువుతుంటే సిగ్గేసింది. ముప్పై ఏళ్లుగా ఒక్క పూట దీపం మానలేదని గొప్పగా చెప్పుకున్నాను. లోపల ఇది ఒక్క క్షణం మానకుండా మంచిచెడ్డలు వేరు చేస్తూనే ఉంది. ఎవరూ దానికి దండం పెట్టలేదు.

దూరపు చుట్టరికం కాదు. ఆయన నా మేనమామ కొడుకు. ఆయన చెల్లెలు కళావతిని మా అన్నకిచ్చారు. మా ఇళ్లలో కుండమార్పిడి అంటారు. ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు జరిగాయి. కళావతీ నేనూ ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం. నా పిల్లలదీ వాళ్ల కీర్తనదీ ఒకటే నెత్తురు.

అదంతా డాక్టరమ్మకు ఎందుకులే అనుకున్నాను.

జూన్ 15

చెంబు వల్లే. డాక్టరమ్మ నన్ను ఓదార్చడానికి అలా చెప్పి ఉంటుంది. తొమ్మిదేళ్లు తాగితే రాగి నిలవకుండా ఎక్కడికి పోతుంది? చెంబు వల్లే అయితే ఇది నా తప్పుతో పోతుంది. ఇంకెవరికీ చెప్పాల్సింది ఏమీ ఉండదు.

జూన్ 22

కళావతి, కీర్తన వర్ధన్నపేట నుంచి వచ్చారు, చీరలకు. నవ్యను పై గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశాను.

కళావతి వస్తూనే మొదలుపెట్టింది. "వదినా, నీ కోడలుకు చాయ పెట్టుడు రాదు. ముందుగాలనే చెప్తాన. తర్వాత నన్ను అనద్దు."

"అత్త నన్ను ఎన్నడన్న ఒక్క మాటన్నదా? నువ్వే అంటవ్ పొద్దంత" అంది కీర్తన.

"ఔ మల్ల. అత్తాకోడండ్లు ఇప్పట్నుంచే ఒక్కటైండ్రు. నేను పరాయిదాన్నైతి. నవ్య ఏది వదినా?"

"టైఫాయిడ్. పండుకున్నది."

"పోయిన నెల గూడ గదే అంటివి! ఏం టైఫాయిడే అది, ఇల్లరికం వచ్చిందా మీ ఇంటికి?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

చీర రంగు ఎండలో చూద్దామని కీర్తనను బాల్కనీలోకి తీసుకుపోయాను. గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పాను.

"చీరె చూడుమంటే నన్ను చూస్తానవేందత్తా?"

"నీకు నప్పుతదా అని."

నల్లటి కళ్లు. అంచున ఏమీ లేదు. రెండు కళ్లూ చూశాను, రెండుసార్లు చూశాను. గుండెల మీంచి ఎవరో లేచి వెళ్లినట్టయింది.

వాళ్లు పోయాక నవ్యకు అన్నం కలిపి పైకి తీసుకుపోయాను. మాట ముద్దగా వచ్చినా మాటలు సూటిగానే ఉంటాయి దానివి. "కీర్తనొదిన కండ్లు చూసినవ్ గదా. కిటికీలకెళ్లి కనవడ్డది."

"ఏం లేదు బిడ్డా. మంచిగున్నది."

"నాకు గూడ మంచిగనే ఉండె, గీత లేనప్పుడు." తనే నవ్వింది. "ఫికర్ చెయ్యకమ్మా. రాగి చెంబు లెక్క నన్ను గూడ చింతపండు పెట్టి తోము. మెరుస్త."

జూన్ 23

కీర్తనకు ఏమీ లేదు. నేను చూశాను.

జూలై 3

సాయితేజకు జబ్బు లేదని రిపోర్టు వచ్చింది. నా దేవుడు గొప్పవాడు.

వాడు మందుల వరుసలో నిలబడ్డప్పుడు, డాక్టరమ్మ ఎందుకో మళ్లీ అడిగింది, చుట్టరికం ఎంత దూరమని. ఆయన ఈసారి రాలేదు. చెప్పేశాను. మేనమామ కొడుకు, కుండమార్పిడి, అన్నకు ఒక్కతే కూతురు, శ్రావణంలో పెళ్లి, అన్నీ.

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఆ అమ్మాయికి చిన్నప్పుడు కామెర్లు గిట్ల వచ్చినయా?" అంది.

రెండుసార్లు. ఎనిమిదో తరగతిలో ఒకసారి, ఇంటర్లో ఒకసారి. ఇంటర్లో వచ్చినప్పుడు పాలంపేట దగ్గర ఆకుపసరు పోస్తారంటే నేనే వెంట తీసుకుపోయాను.

"వెంటనే పంపండి. నెత్తురు, మూత్రం చూడాలె."

"కండ్లు చూసినమ్మా. గీత లేదు."

"కండ్లదాక రాకముందే పట్టుకోవాలమ్మా. గప్పుడైతే గోలీలు వేసుకుంట మీలెక్క నాలెక్క బతుకుతది. పట్టుకోకపోతే ఎప్పుడో ఒకనాడు లివర్ ఒక్కసారి కూలుతది, లేకుంటే నవ్యకైనట్టయితది. ఉందని నేనంటలేను. చూడాలంటున్న."

జూలై 4

ఆయనకు చెప్పాను. అన్నం తింటూ విన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్తే పెండ్లి ఆగుతది. ఆగితే ఎందుకాగిందని బజారంత అడుగుతది. నవ్య పేరు బైటపడ్తది. దాని జిందగీ ఏం గావాలె?"

"కీర్తనదో?"

"ఏడికి పోతది? పెండ్లయితే మన ఇంట్లకే వస్తది గదా. వచ్చిన తెల్లారే మనమే తీస్కపోయి చూపిద్దాం. మన కోడలు, మన ఇష్టం. ఎవ్వలకు జవాబు చెప్పుడు లేదు."

ఆయన చెప్పిందీ నిజమే. శ్రావణం ఎంతో దూరం లేదు. నెలా పది రోజులు.

జూలై 5

నెలా తొమ్మిది రోజులు.

జూలై 10

భద్రకాళమ్మకు ఇవాళ శాకంబరి అలంకారం. అమ్మవారి ఒళ్లంతా వంకాయలు, బెండకాయలు, కాకరకాయలు. వరుసలో రెండు గంటలు నిలబడి ఎదురుగా పోయేసరికి ఏం అడగాలో తెలియలేదు. నవ్యకు నయం చేయమని అడిగాను. ఇంకో మాట నోటిదాకా వచ్చి ఆగింది. కీర్తనకు ఏమీ ఉండొద్దని అడిగితే, తల్లీ, ఆ పని నువ్వే చూసుకో, నాకు చెప్పే ధైర్యం లేదు అన్నట్టు అవుతుంది. అడగకుండానే బయటికొచ్చాను.

అందరికీ పులిహోర పెడుతున్నారు. పక్కన కూర్చున్న ముసలామె "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?" అంది. అవునన్నాను. ఇన్నేళ్లలో కళావతి లేకుండా ఈ రోజు గుడికి రావడం ఇదే మొదలు. ఈసారి నేను గుడికి పోవడం లేదని తనకు అబద్ధం చెప్పాను.

జూలై 16

నవ్య మెట్ల మీద పడింది. దెబ్బ పెద్దది కాదు. గోలీలు మొదలుపెట్టాక కొందరికి ముందు ఎక్కువై తర్వాత తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. చూస్తుంటే మాత్రం ఎక్కువ కావడం ఒక్కటే కనిపిస్తోంది.

కీర్తన ఫోన్ చేసింది. పెళ్లి చెప్పులు కొన్నదట. "సాయంత్రమయ్యేటాళ్లకు పడ్తలేవత్తా. కాళ్లు ఉబ్బుతానయ్. అమ్మేమో తిరుగుడెక్కువైందంటాంది."

తిరగడం వల్లే అయి ఉంటుంది అన్నాను.

తిరగడం వల్లే అయి ఉంటుంది.

జూలై 19

మధ్యాహ్నం దుకాణం నుంచి ఆయన అన్నానికి వచ్చారు. నవ్య గిన్నె ముందు కూర్చుని చెంచా నోటిదాకా తేలేక మూడుసార్లు ఒళ్లో పోసుకుంది. నేను లేవబోయేసరికి ఆయనే వెళ్లి పక్కన కూర్చున్నారు. ముద్దలు చేసి పెట్టారు, చిన్నప్పుడు పెట్టినట్టు. "ఇగ చాలు నాయినా" అన్నా ఇంకో ముద్ద పెట్టారు.

తర్వాత వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. లోపలికి రాలేదు.

"మా పెద్దన్న ఉండె, నీకు యాదికుండదు. నువ్వప్పటికి ఇంక పుట్టనే లేదు."

చిన్నప్పుడే పోయాడని నాకు తెలుసు. జ్వరంతో పోయాడని మా అత్తమ్మ చెప్పేది.

"జరం గాదు. పదిహేనేండ్లకు చేతులు వణుకుడు సురువైంది. మాట పోయింది. గాలి సోకిందని నలభై దినాలు ఒక కాడ గొలుసేసి పండవెట్టిండ్రు. అన్నం నేను తీస్కపోయేది. గిట్లనే పెట్టేది." ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నారు. "కండ్ల డాక్టర్ చెప్పిన్నాడే నాకు సమజైంది సావిత్రీ. అది మా ఇంట్ల ఎప్పటిసందో ఉన్నది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన దగ్గరికి పోయాను. ఇన్నాళ్లకు ఒక మనిషి దొరికాడనుకున్నాను.

"అయినా చెప్పకు" అన్నారు. చెప్పులు వేసుకుని దుకాణానికి వెళ్లిపోయారు.

జూలై 20

చెంబు వల్ల కాదు.

జూలై 21

నవ్యకు మాత్రమే చెప్పి వర్ధన్నపేట బస్సెక్కాను. అది నా కొంగు సరిచేయబోయి, వేళ్లు నిలవక, అలాగే పట్టుకుని ఉంది కొంచెంసేపు.

పెళ్లయి ముప్పై ఏళ్లు. ఆయనకు చెప్పకుండా ఊరు దాటడం ఇదే మొదలు.

కళావతి ముందు గదిలో చాప మీద తలంబ్రాల బియ్యం ఏరుతోంది. విరిగిన గింజ ఒక్కటి ఉండకూడదు కదా. "సరిగ్గ టైముకొచ్చినవ్ వదినా, కూసో, నువ్వు గూడ ఏరు" అంది. కూర్చున్నాను. కొంతసేపు ఏరాను కూడా. ఎలా మొదలుపెట్టాలో తెలియక, విరిగిన గింజలు ఒక పక్కకు తీస్తూ, తీస్తూనే చెప్పాను. నవ్యకు టైఫాయిడ్ కాదని. ఏమిటో. ఎలా వస్తుందో. కీర్తనకు చూపించాలని.

కళావతి చేయి ఆగిపోయింది. అన్న లోపలి నుంచి వచ్చి నిలబడ్డాడు.

"మల్ల చెప్పు" అంది కళావతి.

మళ్లీ చెప్పాను.

"అంటే నీ బిడ్డ రోగం నా బిడ్డకు అంటగట్టనీకి బస్సెక్కి వచ్చినవన్నట్టు."

"అంటేది గాదు వదినా. పుట్టుకతోని—"

"నా బిడ్డ గుండు లెక్కున్నది! ఎవ్వనికన్న చూపియ్! సాయికి పెద్ద సంబంధమేమన్న దొరికిందా? దొరికితే దొరికిందని చెప్పాలె. మేమేం ఉరి పెట్టుకోం. పత్రికలు పంచినంక, తలంబ్రాలు ఏరుకుంట కూసోని, గిదేనా చెప్పే మాట?"

"మీ పెద్దన్నకు గూడ ఇదే ఉండె." అది అనకుండా ఉండాల్సింది.

కళావతి ఏరిన బియ్యం పక్కకు నెట్టింది. "మా చచ్చినోన్ని గూడ వదిలిపెట్టవా? అబ్బో, అందరు అంటరు సావిత్రమ్మ దేవత, నోట్లె నాలుకె లేదని. ఇగో, ఉన్నది. ఇంత పొడుగున్నది."

వంటింటి గుమ్మంలో కీర్తన నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో. చేతిలో నాకోసం తెచ్చిన మంచినీళ్ల గ్లాసు ఉంది. డాక్టరమ్మ పేరు, ఫోన్ నంబరు రాసుకొచ్చిన కాగితం చాప మీద పెట్టి లేచాను.

అన్న బస్సుదాకా వచ్చాడు. బస్సు కదిలేముందు అడిగాడు. "బావకు ఎరుకేనా నువ్వచ్చినట్టు?"

"ఎర్కలేదు."

"నువ్వు ఇంక రాకు చెల్లే" అన్నాడు. తిడుతున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టు.

జూలై 22

ఆయన మాట్లాడలేదు.

జూలై 23

మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నారు.

జూలై 29

పెళ్లి ఆగిపోయిందని అన్న ఇంకెవరితోనో దుకాణానికి కబురు పంపాడు. సాయితేజకు అక్కడే తెలిసింది. ఇంటికొచ్చి అరుస్తాడనుకున్నాను.

"నాకొక్క మాట ముందు చెప్పకపోతివమ్మా" అన్నాడు. "నేనే తీస్కపోతుంటి గదా దాన్ని దవాఖానకు. పెండ్లి గిండ్లి తర్వాత. నువ్వు ఎవ్వల్ని నమ్మవ్."

నిజం. వాడిని అడగాలని నాకు తట్టనే లేదు. వాడు పెళ్లికొడుకు, వాడికేం చెబుతాం అనుకున్నాను. బట్టలు తీసుకుని దుకాణం పైగదికి వెళ్లిపోయాడు.

ఆగస్టు 14

ముహూర్తం పదీ ఇరవైకి. ఆ సమయానికి డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. ఎక్కడో మేళం వినిపించింది. ఇవాళ ఊళ్లో చాలా పెళ్లిళ్లు.

ఆగస్టు 30

పక్కింటామె ముక్తసరిగా మాట్లాడుతోంది. కూరగాయల బండి దగ్గర నేను రాగానే ఇద్దరు మాట ఆపారు. నాగుల పంచమికి, వరలక్ష్మి వ్రతానికి, ఎవరూ పిలవలేదు. నేను పిలిస్తే ఇద్దరే వచ్చారు, వచ్చినవాళ్లు నీళ్లు కూడా ముట్టలేదు. అంటుకునే జబ్బు కాదని చెప్పాలనుకున్నాను. వాయనం ఇచ్చి పంపాను.

నవ్య ఇవాళ సంతకం చేసింది. పాత నోటుబుక్కులో పదిసార్లు. ఎనిమిదోది బాగా వచ్చింది. ఆయన సాయంత్రం దాన్ని చూసి జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని మళ్లీ చూశారు. నాకు చూపించబోయి, మా మధ్య మాటలు లేవని గుర్తొచ్చినట్టుంది, పుస్తకం అక్కడే పెట్టేశారు.

పోగైనది మెల్లగా బయటికి పోతోందన్నమాట. రోజుకు రవ్వంత. డాక్టరమ్మ చెప్పింది, పందొమ్మిదేళ్లుగా చేరింది ఒక్కరోజులో పోదని. గోలీ దాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి తీస్తుందట. లివర్ చేయలేని పని ఆ బిళ్ల చేస్తోంది. పొద్దున దీపం పెట్టాక ఆ సీసా కూడా స్వామి ముందు ఒక్క నిమిషం ఉంచి తీస్తున్నాను. ఎవరైనా చూస్తే నవ్వుతారు. చూసేవాళ్లు ఎవరూ లేరు.

సెప్టెంబర్ 12

పొద్దున ఆరింటికి తలుపు చప్పుడైంది. తీస్తే సాయితేజ, వెనక కీర్తన. చేతిలో ఒక సంచి.

"లోపలికి రానిస్తవా అత్తా, బైటికెళ్లే పంపుతవా?"

చేయి పట్టుకుని లోపలికి లాగాను.

ఆ కాగితం కళావతి చింపేసిందట. కీర్తన అప్పటికే ఫోన్లో ఫొటో తీసుకుంది. సాయితేజకు ఫోన్ చేసింది. వాడు తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించాడు. నెత్తురు ఇచ్చి వచ్చారు. ఇప్పుడు ఒక పగలూ రాత్రీ మూత్రమంతా ఒక డబ్బాలో పట్టి ఇవ్వాలట. ఇంట్లో అయితే కళావతికి తెలుస్తుంది. స్నేహితురాలింటికని చెప్పి ఇక్కడికి వచ్చింది.

"ఇంకోటున్నదత్తా" అంది నేల చూపులు చూస్తూ. "డబ్బా ఫ్రిజ్‌ల పెట్టాల్నట."

నా ఫ్రిజ్ సంగతి దానికి తెలుసు. స్నానం చేయనిదే ఎవరూ ముట్టరాదు. ఉల్లిగడ్డ కూడా పెట్టనివ్వను. స్వామి పాలు, పెరుగు, అభిషేకం కొబ్బరినీళ్లు అందులోనే ఉంటాయి.

పైనుంచి నవ్య అరిచింది. "అమ్మ ఫ్రిజ్‌లనా! అయిపోయినవ్ వదినా నువ్వు. జబ్బుతోని గాదు, అమ్మ చేతుల పోతవ్!" మాట చాలా స్పష్టంగా వచ్చింది. కీర్తన నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. సాయితేజ కూడా నవ్వాడు. ఈ ఇంట్లో నవ్వు విని ఎన్నాళ్లయింది.

పాలగిన్నె, పెరుగు, కొబ్బరినీళ్లు తీసి బయట పెట్టాను. ఒక అర మొత్తం ఖాళీ చేసి తుడిచాను.

ఆయన స్నానం చేసి వచ్చి చూశారు, మేనకోడలు డబ్బా పట్టుకుని ఫ్రిజ్ ముందు నిలబడి ఉండటం. ఆయన కీర్తన కాళ్ల వైపు చూశారు. చీలమండల దగ్గర వాపు.

"ఎప్పటిసంది ఉబ్బుతానయ్ బిడ్డా?"

"మూడు నెలలాయె మామా."

ఫ్రిజ్ తలుపు ఆయనే తెరిచి పట్టుకున్నారు.

సెప్టెంబర్ 13

డబ్బా ఐసుగడ్డలు వేసిన సంచిలో పెట్టుకుని పొద్దున్నే ఇద్దరూ వెళ్లారు. దుకాణానికి పోయేముందు ఆయన "చాయల చక్కెర తక్కువైంది" అన్నారు. యాభై నాలుగు రోజులకు నాతో మాట్లాడిన మొదటి మాట. ఇంకో చెంచా వేసి ఇచ్చాను.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. మా వీధి వాళ్లు ఎత్తుకుని పోతుంటే కిటికీలోంచి చూశాను. నవ్య పోదామంది. వచ్చే ఏడు పోదామన్నాను.

సెప్టెంబర్ 25

కీర్తనకు ఉంది.

లివర్‌లోనే ఉందట. మెదడుకు పోలేదు, కళ్లకు పోలేదు. లివర్ మూడో వంతు పాడైంది, ఇంక పాడుకాకుండా ఆపవచ్చునంది డాక్టరమ్మ. వాపు తగ్గుతుందట. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

ఇంట్లో తానే చెబుతానంది కీర్తన. సాయితేజ బండి మీద దింపి వచ్చాడు, వీధి చివర. లోపలికి పోలేదు.

నాదే నిజమైందన్న సంతోషం ఎక్కడో ఉంటుందేమోనని భయపడి వెతుక్కున్నాను. లేదు. జూలై 3 నుంచి 21 దాకా లెక్కపెట్టాను. పద్దెనిమిది రోజులు తెలిసి కూడా ఊరుకున్నాను. అది ఎవరికీ తెలియదు, తెలిసినా తప్పు పట్టరేమో. అయినా ఇక్కడ రాసి పెడుతున్నాను.

సెప్టెంబర్ 27

పదకొండింటప్పుడు ఫోన్ మోగింది. కళావతి పేరు కనిపించింది. ఎత్తితే అటునుంచి మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తిడితే పడదామనుకున్నాను.

గొంతు సవరించుకుంది. "డాక్టరమ్మ కాయిదమిచ్చింది. అండ్ల పల్లీలు తినద్దని రాసున్నది."

"ఔ."

"పొద్దుగాల దానికి పల్లి చట్నీ లేంది ఇడ్లీ దిగదు. ఏం చెయ్యాలె మరి?"

"టమాట చట్నీ చెయ్. నవ్యకు గదే చేస్తాన."

"పోపుల నువ్వులు గిట్ల?"

"వద్దు. ఆవాలు, జిలకర, కరివేపాకు."

"ఉండు." కలం కోసం వెతుకుతున్న చప్పుడు. డబ్బాలు జరిపిన చప్పుడు. అన్నను ఏదో కసిరింది. మళ్లీ ఫోన్లోకి వచ్చింది. "పెండ్లి సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు. చెప్తాన ముందుగాల్నే."

"ఎత్తను."

"సాయిని గూడ మా వాడకట్టుకు రావద్దను. బండి చప్పుడు నాకెర్క."

"చెప్త."

"సరే. రాసుకుంటాన. గోలీ పరగడుపున వేసుకోవాల్నా, తిన్నంకనా?"

"పరగడుపున. వేసుకున్నంక గంటసేపు ఏం పెట్టకు."

కలం కాగితం మీద నెమ్మదిగా కదులుతోంది. కళావతి ఐదో తరగతితోనే బడి మానేసింది, ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తుంది. నేను ఆగాను. పరగడుపున అని తనలో తాను పలుకుతూ రాసింది. గంటసేపు అని రాసింది.

"ఇంకా?" అంది.

చెప్పాను.